కారు మెదడు – తాళపుచెవుల పరిచయము

తాళపుచెవుల గుత్తి గృహిణి కొంగున ముడివడియుండుట మన యిండ్లలో తరతరములుగా వచ్చుచున్న యాచారము. బోషాణము చెవి పోయినచో కమ్మరిని పిలిపించుటయు, నాతడు తాళము విప్పి చూచి మరునాటికి మరియొక చెవి చేసి తెచ్చుటయు మన పెద్దలెరిగినదే. ఇనుము ఇనుమునకు సరిపోయిన చాలును, తాళము తెరచుకొనును. నేటి కారు తాళపుచెవి యట్టిది కాదు. దాని పండ్లను వెండ్రుకవాసి తేడా లేకుండ కోయించి తెచ్చినను తలుపు తెరచుకొనును, స్టీరింగు విడివడును. ఇంజను మాత్రము పలుకదు.

ఈ నెల మేము విన్నవింపదలచిన విషయమిది. కారుయొక్క ‘మెదడు’ చెడి దానిని మార్చవలసివచ్చినపుడు ఇంటనున్న చెవులన్నిటిని దానికి మరల పరిచయము చేయింపవలయును; ఆ పరిచయము సరిగా జరిగినదో లేదో చూచుకొను భారము ఇల్లాలికిని గలదు. ‘ఇది మగవారి పని, మెకానిక్కుల పని’ యని తోసివేయుటకు వీలులేదు. మన కర్నూలు, కడప సీమలలో పల్లెకును పెద్దాసుపత్రికిని నడుమ అరువది డెబ్బది కిలోమీటర్ల దూరముండుట వింత గాదు. కాన్పునకైనను, పాముకాటునకైనను, అర్ధరాత్రమున చేతికందునది తరచుగా వాకిటనున్న బండియే. బండి నడుపనేర్చిన సోదరీమణులు నేడు పెక్కండ్రు గలరు. నడుపనేర్వని వారికిని ఇంటి కాగితములు, చెవులు, రసీదులు భద్రపరచు పని తప్పినది కాదు గదా!

మొదట ఈ మెదడన నేమియో తెలిసికొందము. పూర్వపు కార్లలో పెట్రోలును గాలితో కలుపు పని కార్బురేటరు చేయుచుండెను. పొగను తగ్గింపవలెనని ప్రభుత్వము నియమములు బిగించినకొలది ఆ పనిముట్టు కనుమరుగైనది. మనవారికి చిరపరిచితమైన మారుతి 800 సైతము 2000 సంవత్సరమున, లెక్కకట్టి పెట్రోలు చిమ్ము పద్ధతికి మారినది. 2020 ఏప్రిలు 1వ తేదీనుండి దేశమంతట భారత్ స్టేజి 6 నియమములు అమలులోనికి వచ్చినవి. క్షణక్షణము ఇన్ని లెక్కలు కట్టుట చేతిపనిముట్టులకు సాధ్యము గాదు గాన, చిన్న రేకుపెట్టెలో నొక కంప్యూటరు నమర్చిరి. దానినే ఇంజను కంట్రోలు యూనిట్ అందురు. వర్క్‌షాపులలో ‘ఈసీయూ’ లేక ‘ఈసీయం’ యను మాటలు వినబడును. ఇంజను ఎంత వేడిగా నున్నది, ఎంత గాలి పీల్చుచున్నది, ఎంత వడిగా తిరుగుచున్నది యను వార్తలను సెన్సారులు దీనికి చేరవేయుచుండును. ఎప్పుడెంత పెట్రోలు చిమ్మవలెనో, ఎప్పుడు నిప్పురవ్వ రగిలింపవలెనో ఇది ఆజ్ఞాపించును. కొన్ని బండ్లలో నిది బానెట్టు క్రింద ఇంజను ప్రక్కనుండును. మరికొన్నిటిలో డ్యాషుబోర్డు క్రింద, కూర్చున్నవారి కాళ్లచెంత నుండును.

ఇక ఇమ్మొబిలైజరు సంగతి. ఇంజను దొంగచేతిలో కదలకుండ కట్టివేయునది యని దాని పేరునకు భావము. తాళపుచెవి తలలో, నల్లని ప్లాస్టిక్కు లోపల, బియ్యపుగింజకంటె కొంచెము పెద్దదైన చిప్పు దాగియుండును. తాళము చుట్టును రాగితీగ చుట్ట యొకటి యుండును. చెవిని త్రిప్పగనే ఆ తీగచుట్టనుండి వెలువడు రేడియో తరంగములే చిప్పునకు ప్రాణము పోయును. చిప్పునకు వేరే బ్యాటరీ యక్కరలేదు. అప్పుడు బండి యొక ప్రశ్న వేయును. చిప్పు తనలోని రహస్యముతో లెక్కకట్టి జవాబు చెప్పును. జవాబు సరియైనచో ఈసీయూ పెట్రోలును విడుచును. కానిచో విడువదు. ఇదంతయు కనురెప్పపాటులో ముగియును.

సుందరకాండము చదివిన మన సోదరీమణులకు ఇది క్రొత్త గాదు. అశోకవనములో హనుమంతుడు రామదూతనని చెప్పుకొన్నంతనే జానకీదేవి నమ్మలేదు. రావణుడే మారువేషమున వచ్చెనేమో యని శంకించి, రామలక్ష్మణుల లక్షణములెట్టివో చెప్పుమని యడిగెను. ఆతడు వానిని వర్ణించినపిమ్మటనే గదా ఉంగరము చేతికందినది! మరల తాను సందేశము పంపునపుడును ఆ తల్లి చూడామణి యొక్కటియే యిచ్చి యూరకుండలేదు. తనకును తన నాథునకును మాత్రమే తెలిసిన కాకాసురుని వృత్తాంతమును గుర్తుగా చెప్పి పంపెను. ఉంగరమును ఎవడైనను దొంగిలింపవచ్చును. ఇరువురి నడుమనున్న రహస్యమును పొంచియుండి చూచినవాడు సైతము కొనిపోలేడు. కారు చెవిలో ఇనుపముక్క ఉంగరము వంటిది, చిప్పులోని రహస్యము ఆ వృత్తాంతము వంటిది. పైగా బండి వేయు ప్రశ్న ప్రతిసారియు మారుచుండును గాన, నిన్నటి జవాబు విన్న దొంగకు నేడు లాభము లేదు.

ఈ యేర్పాటు విలువ దేశాంతరముల యనుభవమువలన తెలియుచున్నది. ఐరోపాలో 1998 అక్టోబరునుండి క్రొత్త కార్లన్నిటికిని ఇమ్మొబిలైజరు తప్పనిసరి యైనది. అమెరికాలో నట్టి నిర్బంధము లేకపోయెను. అచ్చట 2011 మొదలు 2021 వరకు తయారైన కియా, హ్యుందాయి కార్లలో పెక్కింటికి ఈ సాధనము లేదు. ఆ బండ్లను యూఎస్‌బీ తీగకొనతో కదలించుకొనిపోవచ్చునని 2021, 2022 సంవత్సరములలో కుర్రవాండ్రు వీడియోలు చేసి చాటగా, ఊరూర దొంగతనములు పెచ్చుపెరిగినవి. 2023 ఫిబ్రవరిలో ఆ కంపెనీలు దానికి విరుగుడుగా ఉచితముగా సాఫ్ట్‌వేరును సవరింపవలసివచ్చినది. మన పొరుగున పెనుకొండ చెంత 2019 నుండి కార్లు చేయుచున్న కర్మాగారమును కియా వారిదే గాన ఈ మాట విని కలతపడువారుందురేమో. పై కథ అమెరికాలో నమ్మిన బండ్లకే చెందినదని వారెరుగుదురు గాక. అట్లని ఇమ్మొబిలైజరు అభేద్యమైన కోట యనుకొనరాదు. 2005లోనే జాన్స్ హాప్కిన్స్ విద్యాపీఠపు పరిశోధకులు ఒక రకపు చిప్పు రహస్యమును ఛేదించి చూపిరి. అయినను మామూలు దొంగను వాకిటనే నిలుపుటకు దీనికి మించిన కావలి అరుదు.

మన సీమలో ఈసీయూ లేల చెడుచున్నవి? కరవుసీమ యనిపించుకొన్న మనకు నీటివలన కీడు రాదనుకొనుట పొరపాటు. 2009 అక్టోబరు 2వ తేదీని తుంగభద్రయు హంద్రియు పొంగి కర్నూలు నగరమును ముంచినవి. 2021 నవంబరు 19వ తేదీని చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట చుట్టుపట్ల పల్లెలు కొట్టుకొనిపోయినవి. అట్టి దినములలో బండి మునిగినచో, నీరు తీసిన వెంటనే ‘కదలునేమో చూతము’ అని చెవిని త్రిప్పుటయే మహాపాయము. సిలిండరులో నీరున్నచో లోని కడ్డీలు వంగిపోవును. తడిసిన ఈసీయూలో విద్యుత్తు ప్రవహించి లోపలి తీగలు కాలిపోవును. చెవిని ముట్టక, బ్యాటరీ తీగను విప్పించి, బండిని లాగించుకొని పోవుటయే క్షేమము. పైకి ఆరినట్లు కనబడినను లోపలి పిన్నులకు కిలుము పట్టి, రెండు మూడు నెలల పిమ్మట చెడినవి గలవు.

నీటికి తరువాత ఎలుకలు. కళ్లమునుండి వచ్చిన వేరుసెనగ మూటలప్రక్కన బండిని నిలిపినచో ఎలుకలు బానెట్టులో కాపురము పెట్టి వైర్లను కొరుకును. బ్యాటరీ దిగిపోయినపుడు మరియొక బండినుండి తీగలు కలుపుచు ధనము ఋణము తారుమారు చేయుట, బ్యాటరీ తీగ విప్పకయే బండికి వెల్డింగు చేయించుట, ఇంజనుపై వేగముగా నీరు చిమ్మి కడిగించుట, ఇవియన్నియు ఈసీయూకు ప్రాణాంతకములు.

అయితే బండి కదలనంత మాత్రమున ‘ఈసీయూ పోయినది’ యను మాట నమ్మి డబ్బు గట్టరాదు. దిగజారిన బ్యాటరీ, కాలిన ఫ్యూజు, వదులైన ఎర్తు తీగ, చెడిన రిలే, పనిచేయని సెన్సారు, ఇవన్నియు అదే లక్షణమును జూపగలవు. ఇంజను ఒకటి రెండు క్షణములు పలికి ఆగిపోవుచు, మీటర్లచెంత చెవి బొమ్మ గల దీపము మినుకుమినుకు మనుచున్నచో దోషము ఇమ్మొబిలైజరు వైపు నుండవచ్చును. అప్పుడు మొట్టమొదట రెండవ చెవితో ప్రయత్నించి చూడవలయును. రెండవ చెవితో పలికినచో చెడినది మొదటి చెవియే గాని ఈసీయూ గాదు. ఈ చిన్న పరీక్ష వేలకొలది రూపాయలను మిగుల్చును. పిమ్మట మెకానిక్కు స్టీరింగు క్రిందనున్న 16 పిన్నుల సాకెట్టునకు స్కానరు తగిలించి, వచ్చిన కోడులను కాగితముపై వ్రాసి యిమ్మని యడుగుడు. వైరింగులోని దోషము సవరింపక క్రొత్త ఈసీయూ బిగించినచో నదియు కాలిపోవచ్చును.

నిజముగా మార్చకతప్పనిచో మార్గములు మూడు. మొదటిది క్రొత్తదానిని కంపెనీనుండి తెప్పించుట. క్రొత్త ఈసీయూ అత్తవారింట నడుగిడిన కోడలివలె ఎవరిని నెరుగదు. దానికి ఆ బండికి తగిన సాఫ్ట్‌వేరు నెక్కించి, 17 అక్షరముల ఛాసిస్ నంబరు తెలిపి, రహస్యమైన పిన్ను నంబరుతో తాళము విప్పి, చెవుల నొక్కొక్కదానిని పరిచయము చేయుదురు. డీజిలు బండ్లలో పెక్కింట ఇంజెక్టర్లపై చెక్కిన అంకెలను గూడ నెక్కింపవలయును. ఈ పని జరుగుచున్నంతసేపు బ్యాటరీకి నిలుకడగా విద్యుత్తందుచుండవలయును. నడుమ దిగజారినచో క్రొత్తది సైతము పనికిరాకుండ పోవచ్చును. ఖర్చెక్కువ, అయినను నిశ్చింత.

రెండవది పాతసామానుల అంగడినుండి అదే నంబరు గల ఈసీయూ తెచ్చి, చెడినదాని జ్ఞాపకమునందలి వివరములను దానిలోనికి మార్చుట. దీనికి నేర్పరి కావలయును. పాతదాని జ్ఞాపకపు చిప్పు బ్రతికియుండవలయును. ఇది కుదిరినచో మన పాతచెవులే పనిచేయును. పైనున్న నంబరు ఒక్క అంకె తేడా యున్నను సరిపడకపోవచ్చును. ఆ సామాను దొంగబండిది గాకుండ రసీదు తీసికొనుట మరువరాదు.

మూడవది మేము వలదనునది. చెవిని గుర్తించు పనియే మానుకొనునట్లు ఈసీయూను మార్చివేయుదురు. ‘ఇమ్మో ఆఫ్’ అని దీనికి పేరు. బండి వెంటనే కదలును, ఖర్చు స్వల్పము, అందరికి సంతోషము. కాని ఇల్లు విడిచి కావలివానిని పంపివేసినట్లే. అట్లు చేసిన సంగతి ఇంటివారికి చెప్పనివారును గలరు. ఆ బండిని కొన్నవారికి అసలే తెలియదు.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి చెవుల లెక్క. పెక్కు బండ్లలో చెవులను నేర్పునపుడు పాతలెక్క యంతయు తుడిచిపెట్టుకొనిపోయి, ఆ సమయమున ఎదుటనున్న చెవులే చెల్లును. ఇంట మిగిలిన చెవి మరునాటినుండి ఉత్త ఇనుపముక్క.

జమ్మలమడుగు ప్రాంతమున మేమెరిగిన సోదరి యొకతె గలదు. అత్తగారికి మూత్రపిండముల జబ్బు. వారమునకు మూడుమారులు రక్తశుద్ధికై కడపకు తీసికొనిపోవలయును. దానికొరకే అప్పుచేసి పాతకారు కొనిరి; ఆమెయు నడుపనేర్చినది. వానలలో ఈసీయూ చెడగా ఒకచోట మార్చి యిచ్చిరి. పనికి తీసికొనిపోయినది ఒక్క చెవినే. రెండవది బీరువాలో నుండెను. దానిని తెమ్మని వర్క్‌షాపువా రడుగనులేదు. నెల తిరుగకమునుపే భర్త మొదటి చెవిని జేబులో నుంచుకొని బస్సులో కర్నూలు వెళ్లినాడు. ఆ రాత్రి అత్తగారికి ఆయాసము మించినది. కోడలు బీరువాచెవి తీసి బండిలో కూర్చున్నది. స్టీరింగు విడివడెను, ఇంజను ఒక్కసారి పలికి ఆగెను. పదిమారులు త్రిప్పినను అంతే. తుదకు 108 బండిని పిలిపించిరి. దేవుని దయవలన పెద్దామె బ్రతికి బయటపడినది. మరుసటి వారము రెండు చెవులను పట్టుకొనిపోగా, గంటసేపటిలో రెండింటిని నేర్పి యిచ్చిరి. ఆ గంటపని మొదటనే జరిగియున్నచో ఆ రాత్రి ఆ యింటి కోడలు పడిన నరకయాతన తప్పియుండును.

కావున సోదరీమణులారా, ఈసీయూ మార్చు దినమున ఇంటనున్న చెవులన్నియు, పొరుగూరిలోనున్న కొడుకు చేతిది సైతము, తెప్పించి ఒకేసారి పంపుడు. బండి తిరిగివచ్చినవెంటనే ఒక్కొక్క చెవితో ఇంజనును నడిపించి చూడుడు. తలుపు తెరచుకొన్నంతమాత్రమున చాలదు. ఎన్ని చెవులు నేర్చుకొన్నదో స్కానరు కొన్ని బండ్లలో అంకెతో చూపును. మీయొద్ద రెండు చెవులుండగా అంకె మూడైనచో, మూడవది యెవరి చేతిలో నున్నదో యడుగుడు. చెవి యొకటి పోయినపుడును క్రొత్తది చేయించుకొనుటతో సరిపెట్టక, పోయినదానిని లెక్కనుండి తుడిపింపుడు.

పాతబండి కొనునపుడు రెండు చెవులును అడిగి, రెండింటితో నడిపించి చూడుడు. ఒక్కటే యిచ్చినచో రెండవది చేయించు ఖర్చు ధరలో తగ్గింపుడు. కాళ్లచెంత పరచిన గుడ్డనెత్తి బురదచారలు, సీటు క్రింది ఇనుమునకు త్రుప్పు ఉన్నవేమో చూడుడు. వరదలో మునిగిన బండ్లు తుడుచుకొని దూరపు ఊళ్లలో అమ్ముడుపోవుట గలదు. చిప్పు లేని ఉత్త ఇనుపచెవి నొకదానిని కోయించి త్రిప్పి చూచినచో ‘ఇమ్మో ఆఫ్’ గుట్టు బయటపడును: ఇమ్మొబిలైజరు గల బండి దానితో నడువరాదు.

బండితో వచ్చిన చిన్న రేకుబిళ్లపై చెవి నంబరుండును. దానిని చెవులతో కలిపి యుంచక, ఆర్‌.సి. నకలు, బీమా పత్రము, ఈసీయూ నంబరు ఫోటో, మార్చిన దినపు రసీదుతో వేరే కవరులో భద్రపరుపుడు. బండి దొంగిలింపబడినచో బీమా కంపెనీవారు మొదట నడుగువానిలో తాళపుచెవులు నుండును; ఒకటి తక్కువైనచో సంజాయిషీ చెప్పుకొనవలసివచ్చును. చెవిపై నున్న రిమోటు బ్యాటరీ ఐపోయినంత మాత్రమున భయపడవలదు. త్రిప్పు చెవియైనచో చిప్పు దానితో పనిలేక పలుకును. బొత్తాము నొక్కు బండ్లలో పెక్కింట చెవిని బొత్తామునకు తాకించి పట్టుకొని నొక్కినచో కదలును. తాకింపవలసిన చోటు బండిని బట్టి మారును గాన, కంపెనీ యిచ్చిన పుస్తకములో ముందే చూచి యుంచుకొనుడు.

బండి మన గుమ్మమున నున్నంత మాత్రమున మనది కాదు. మన చేతిలోని చెవిని అది యెరిగినప్పుడే మనది. ఈ సంచిక చదివి మూసినవెంటనే బీరువాలోని రెండవ చెవిని తీసి, పగటివేళ, ఆపద లేని వేళ, ఒకసారి త్రిప్పి చూడవలసినదిగా మా ప్రార్థన.